ఇత్తడి మనిషి రెండో సగం

మేడమీది గది,
జూన్ 3, మంగళవారం.

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ చెల్లెలు. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయగలరు.

'ఇత్తడి మనిషి' మూడో భాగం నిన్న చూశాను. మన పద్ధతి ప్రకారం ఇంటర్వెల్‌కి లేచి వచ్చేశాను. తలుపు దగ్గర టికెట్లు చింపే అమ్మాయి కొత్తది. "తాతగారూ, బయటికెళ్తే మళ్లీ రానివ్వరు" అంది. రానమ్మా అన్నాను. "అంత బాగోలేదా?" అంది. మిగతా సగం మా బావగారు చూస్తారు అన్నాను. ఆయన ఎక్కడున్నారా అని నా వెనక చూసింది. వేరే ఊళ్లో అన్నాను. పక్కకి జరిగి దారిచ్చింది.

నా సగం రాస్తున్నాను.

ఇత్తడి మనిషి ఎగురుకుంటూ వచ్చాడు. ముప్పై మంది రౌడీలను కొట్టాడు. ఒక్కొక్కరే ముందుకొచ్చి తన్నులు తిన్నారు. మిగతా వాళ్లు తమ వంతు వచ్చేదాకా నిలబడి ఉన్నారు. మన సబ్బుల ఫ్యాక్టరీ క్యాంటీన్ లైన్లో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు. తర్వాత విలన్ వచ్చాడు. నల్ల కోటు. ఆకాశానికి బొక్క పెట్టే మిషను ఒకటి చేయించాడు. ఎందుకో చెప్పాడు గానీ అప్పుడు సంగీతం గట్టిగా ఉంది. చెప్పి నవ్వాడు. హీరోగారి గురువు మొదటి సీన్లోనే దగ్గాడు. నాకు అప్పుడే అర్థమైంది. ఇరవై నిమిషాల్లో పోయాడు. ఆ పత్రికలో పని చేసే అమ్మాయి ఈ భాగంలో కూడా ఉంది. మూడు భాగాలయ్యాయి, ఇంతవరకు ఒక్క వార్త రాయలేదు.

చివరికి విలన్ ఇతన్ని వంతెన మీద నుంచి ఏట్లో పడేశాడు. మునిగిపోయాడు. ఇంటర్వెల్. చచ్చిపోయాడని నాకు నమ్మకం లేదు. నాలుగో భాగం పోస్టరు అప్పుడే బయట అంటించారు.

ఒక అనుమానం. రెండో భాగం చివర ఇతను ఎగరడం మానేసి బస్సు కండక్టరుగా చేరాడని మీరు రాశారు. ఈ భాగంలో ఆ ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తలేదు. మానేశాడో, తీసేశారో.

నా వంతుకు ఎప్పుడూ ఇలాంటివే వస్తాయి. మీ సగాలు బాగుంటాయి. మొదటి భాగానికి మీరు రెండు ముక్కలే రాశారు, "అందరూ కొట్టుకున్నారు, ఇతను గెలిచాడు" అని. ఆ తర్వాత నుంచి మీ సగాలు బాగుపడ్డాయి. ఇంటర్వెల్ తర్వాత తీసేవాడు వేరే మనిషై ఉంటాడు.

మీ సగం కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మొదటి సగం


పెద్దబజారు వెనక సందు,
జూన్ 12.

బావా!

పేజీన్నర రాశావు! నీ పెళ్లిచూపుల రోజు మా నాన్న నన్ను గోడ పక్కకి లాక్కెళ్లి, "ఒరేయ్, కుర్రాడు నీతోపాటే పని చేస్తాడంటున్నావు. మాటొచ్చా?" అని అడిగాడు. వచ్చు నాన్నా, వాడుకోడంతే అన్నాను. ఇవాళ ఆయన ఉంటే ఈ ఉత్తరం చూపించేవాణ్ని.

నీ సగం చదువుతుంటే ఆ రోజులు గుర్తొచ్చాయి. సబ్బు ముక్కలు కోసే మిషను ఒకటే. ఉదయం షిఫ్టు నాది, మధ్యాహ్నం నీది. ఉన్న సైకిలు ఒకటి, కొనే టికెట్టు ఒకటి. నువ్వు మొదటి సగం చూసి గేటు దగ్గరికొచ్చేసరికి నేను షిఫ్టు దిగి రొప్పుకుంటూ వచ్చేవాణ్ని. నీ చేతికి సైకిలు, నా చేతికి సగం టికెట్టు. నిలబడేది ఒక్క నిమిషం. "గళ్ల చొక్కావాడు మంచోడు, మీసాలాయన్ని నమ్మొద్దు" అని చెప్పి తొక్కుకుంటూ పోయేవాడివి. అదొక్కటే నువ్వు గబగబా మాట్లాడే సందర్భం. శుక్రవారం శుక్రవారం ఆ మిషను పది నిమిషాలు ఎందుకు ఆగిపోతోందో మేనేజరు ముప్పై ఒక్కేళ్లు కనుక్కోలేకపోయాడు. ఇంజనీర్లను కూడా పిలిపించాడు పాపం.

సరే, నా సగం. కండక్టరు ఉద్యోగం సంగతి డైరెక్టరు మర్చిపోయుంటాడు. పట్టించుకోకు.

ఏట్లో పడ్డవాణ్ని ప్రవాహం మూడు రోజులు ఈడ్చుకుపోయి ఒడ్డున పడేసింది. బట్టలుతుక్కునే ఒకావిడ కర్రతో లాగింది. లేచి చూసుకుంటే ఏముంది, భుజం నుంచి వేళ్లదాకా ఆకుపచ్చగా చిలుము! ఇత్తడి కదా మరి, మూడు రోజులు నీళ్లలో నానితే? ఎగరబోయాడు. మోకాలెత్తు లేచి దబ్బున పడ్డాడు. ఆవిడ నవ్వలేదు. "మా వీధిలో గిన్నెలకి మాట్లు వేసే ముసలాయనున్నాడు, చూపించుకో" అంది.

కొట్టు చిన్నది. ఒక కొలిమి, కిటికీ, కిటికీ పక్కన బల్ల. ముసలాయనకి ఎడమచేతి చిటికెన వేలు లేదు. ఇతని చెయ్యి మీద సుత్తితో మెల్లగా కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇది ఇత్తడి కాదు నాయనా. పైపూత. లోపలంతా మామూలు మనిషివే" అన్నాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు బావా. సంగీతం కూడా లేదు. నీకు నచ్చేది ఆ ముక్క. తర్వాత ముసలాయన, "కూర్చో, తోముదాం. హడావిడి పడితే గీతలు పడతాయి" అన్నాడు.

ఇతను అక్కడే ఉండిపోయి గిన్నెలు తోమడం నేర్చుకున్నాడు. ఆకాశంలో బొక్క సంగతంటావా, అది కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, చొక్కా గుండీ అంత. వచ్చినవాళ్లు ఎండ ఎక్కువైందని విసుక్కుని పోతున్నారు.

ఒకరోజు కొట్టుకి విలన్ వచ్చాడు. అదే నల్ల కోటు. చేతిలో ఒక మూత. ఆ మిషనుది. మూత సరిపడక బొక్క మూసుకోవడం లేదట. "మొదలుపెట్టాను గానీ ఆపడం తెలియలేదండీ. తెలియదని చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే నవ్వుతూ తిరిగాను" అన్నాడు. హీరో తలెత్తాడు. ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టారు. ముసలాయన కళ్లజోడు సర్దుకుని, "గొడవలుంటే బయట చూసుకోండి. ముందు మూత" అన్నాడు. ఒకడు మూత పట్టుకున్నాడు, ఒకడు ఆకురాయి పట్టాడు. సాయంత్రానికి టక్కుమని కూర్చుంది. విలన్ దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరాడు. "బోర్లించి పెట్టకు, వంగుతుంది" అన్నాడు హీరో. "అలాగే" అన్నాడు విలన్.

ఆకాశం మూసుకుంది. పత్రికమ్మాయి వార్త రాసింది. నాలుగు లైన్లు. శుభం.

మోకాళ్లకేం, దివ్యంగా ఉన్నాయి.

నీ
రెండో సగం


మేడమీది గది,
జూలై 1.

బావగారికి నమస్కారాలు.

మీ సగం అందింది. మూడుసార్లు చదివాను. మీ చెల్లెలికి వినిపించాను. మూత టక్కుమన్న చోట కళ్లు తుడుచుకుంది. పొగ అంది. పొయ్యి వెలిగించలేదు.

ఒక విషయం జరిగింది. చెప్పాలో వద్దో తెలియక వారం ఆగాను.

పోయిన వారం ఆదివారం క్రాఫుకి సెలూన్‌కి వెళ్లాను. ఎనిమిదేళ్లుగా వెళ్తున్నాను. టైర్ల కొట్టాయన ఎప్పుడూ "ఏం పెద్దాయనా, విశేషాలు?" అంటాడు. నేను "ఏముంది" అంటాను. అంతటితో అయిపోతుంది. ఆ రోజు కూడా అడిగాడు. నేను ఏముంది అనబోయి, ఇత్తడి మనిషికి చిలుము పట్టింది అన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది.

"చిలుమేంటి?" అన్నాడు.

ఇంక చెప్పక తప్పలేదు. ఏట్లో పడటం దగ్గర మొదలుపెట్టాను. సెలూన్ అతను కత్తెర ఆపాడు. లెక్కల మాస్టారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. రోడ్డు మీద వాళ్లు ఇద్దరు లోపలికి వచ్చారు. మూత దాకా చెప్పాను. చెప్పడం అయ్యాక భయం వేసింది. టైర్ల కొట్టాయన, "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు పెద్దాయనా ఈ నోరు?" అన్నాడు.

నా మాట అంతమంది విన్నది మా పెళ్లిలో కూడా లేదు. ఇప్పుడు నేను వెళ్తే కిటికీ పక్క కుర్చీ ఖాళీ చేసి ఇస్తున్నారు. క్రాఫు పని లేకపోయినా వెళ్తున్నాను. మీ చెల్లెలు నవ్వుతోంది.

పదకొండు మంది కలిసి వచ్చే ఆదివారం ఆ సినిమాకి వెళ్తున్నారు. నా మాట మీద. అంతా మీ చలవ.

ఇట్లు,
మొదటి సగం


పెద్దబజారు వెనక సందు,
జూలై 5.

బావా,

సెలూన్లలో చెప్పమని నీకెవరు చెప్పారు? మన సగాలు మనకే గానీ ఊరందరికీ కాదు. ఆ పదకొండు మందిని ఎలాగైనా ఆపు. ఎండలు బాగా ఉన్నాయని చెప్పు, సీట్లు బాగోలేవని చెప్పు.

ఇంకో సంగతి. సినిమాలు ఒక్కో ఊళ్లో ఒక్కోలా కత్తిరిస్తారట. ఇక్కడ వేసింది అక్కడ వేయకపోవచ్చు. అది తెలుసుకో.

పనుంది. ఉంటాను.

రెండో సగం


మేడమీది గది,
జూలై 10.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మంగళవారం అందింది. వాళ్లు ఆదివారమే వెళ్లొచ్చారు.

నిన్న గడ్డానికి వెళ్లాను. ఎవరూ లేవలేదు. టైర్ల కొట్టాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. సెలూన్ అతను నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి నురగ రాశాడు. కుడి చెంప గీశాడు. తర్వాత కత్తి గొంతు దగ్గర పెట్టి ఆపాడు.

"మూత ఏది?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. మాట్లాడితే గొంతు కదులుతుంది.

"చెప్పు పెద్దాయనా. నేను కొట్టు మూసుకుని వెళ్లాను. మా ఆవిణ్ని కూడా తీసుకెళ్లాను. ఆ మాట్లు వేసే ముసలాయన ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని గంటన్నర దాని పక్కన కూర్చున్నాను. మూత ఏది?"

"ఏట్లోంచి పైకొచ్చేటప్పుడే అనుకున్నాను," అన్నాడు టైర్ల కొట్టాయన గోడతో. "రాకెట్టులా వచ్చాడు. చిలుము చుక్కయినా లేదు. తోమిన గిన్నెలా తళతళలాడుతున్నాడు."

లెక్కల మాస్టారు పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అది మొన్నటి పేపరు.

సెలూన్ అతను ఎడమ చెంప అలాగే వదిలేసి తువ్వాలు దులిపాడు. ఇంటికొచ్చి నేనే గీసుకున్నాను. కొంచెం తెగింది.

మిమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది ఒక్కటి అడుగుతున్నాను. విలన్ మూత పట్టుకుని వచ్చాడా, లేదా?

మీరు వచ్చాడంటే వాళ్లకి వచ్చాడనే చెప్తాను.

ఇట్లు,
మొదటి సగం


(కార్డు)
జూలై 15.

బావా,
వచ్చాడు. మూత పట్టుకునే వచ్చాడు. ఇంతకంటే అడక్కు.
రెం. స.


థియేటర్ ఎదురుగా బస్టాపు,
జూలై 21, సాయంత్రం.

బావగారికి నమస్కారాలు.

మన పద్ధతి తప్పాను. క్షమించాలి. ముందే చెప్పి చేయాల్సింది. చెప్తే వద్దంటారని చెప్పలేదు.

మళ్లీ టికెట్టు కొన్నాను. ఇంటర్వెల్‌కి లేవలేదు. తలుపు దగ్గరి అమ్మాయి లోపలికే వచ్చి, "తాతగారూ, ఇంటర్వెల్ అయింది" అని గుర్తు చేసింది. తెలుసమ్మా అన్నాను. "బావగారు రాలేదా?" అంది. రాలేదు అన్నాను. వెళ్లి ఒక మంచినీళ్ల సీసా తెచ్చిచ్చింది. ఎవరైనా పోయారనుకుందేమో.

నలభై నాలుగేళ్లలో మొదటిసారి రెండో సగం చూశాను. అందులో ఉన్నది రాస్తున్నాను.

ఏట్లోంచి పైకి లేచాడు. పోయిన గురువు మబ్బులో కనిపించి, నీలోని శక్తిని నమ్ము అన్నాడు. నమ్మాడు. విలన్‌తో కొట్టుకున్నాడు. ఇతను అతన్ని ఒక మేడ మీద పడేశాడు, ఆ మేడ కూలింది. అతను ఇతన్ని ఇంకో మేడ మీద పడేశాడు, అదీ కూలింది. ఎనిమిది దాకా లెక్కపెట్టాను. ఆ మేడల్లో పైగదులు ఉంటాయి. వాటిలో ఎవరుంటారో ఎవరూ అడగలేదు. పత్రికమ్మాయిని ఒకసారి పట్టుకున్నారు, ఒకసారి వదిలారు. ఇతను రెండు చేతులతో ఆకాశాన్ని పట్టి మూసేశాడు. ఊరంతా కూలిపోయి ఉంటే అందరూ చప్పట్లు కొట్టారు. పేర్లు పడ్డాయి. ఇంకా ఏదో ఉందని అందరూ కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. ఎర్ర కోటు వేసుకున్న ఇంకో విలన్ వచ్చి నవ్వాడు. అది నాలుగో భాగానికి.

చివరిదాకా మూత కోసం చూశాను బావగారూ. లేదని తెలిసి కూడా చూశాను. కొట్టుకునేటప్పుడు ఒకచోట విలన్ చేతిలో గుండ్రంగా ఏదో కనిపించింది. ముందుకు వంగాను. బాంబు.

అబద్ధం చెప్పారని కోపం వస్తుందేమో అని రెండు గంటలుగా ఈ బస్టాపులో కూర్చుని చూస్తున్నాను. రాలేదు. మూడు బస్సులు వెళ్లిపోయాయి. కోపం సినిమా మీదే వచ్చింది. ఇంత ఖర్చు పెట్టారు, ఇంతమంది పని చేశారు, ఒక మూత పెట్టలేకపోయారు.

వచ్చేటప్పుడు మీ ఉత్తరాలు, మొదటి భాగం తర్వాత రాసినవి, సంచిలో తెచ్చుకున్నాను. ఇక్కడే చదివాను. ఐదు సినిమాలు. ఐదింటిలోనూ కిటికీ పక్క బల్ల ఉంది. ఐదింటిలోనూ ఎవరో ఒకరు హడావిడి పడొద్దంటారు. ఆ మాట మన ఫ్యాక్టరీ ఫిట్టరుది. చిటికెన వేలు లేనిది కూడా ఆయనకే. ఆయన పోయి పన్నెండేళ్లు. ఐదు సినిమాల్లో వేషాలు వేయడం కుదరదు.

మీరు సినిమాకి వెళ్లడం లేదు. ఎప్పటి నుంచో రాయండి. ఎందుకో మీ ఇష్టమైతే రాయండి.

విలన్ అన్న మాట ఒకటి మళ్లీ చదివాను. మొదలుపెట్టాను గానీ ఆపడం తెలియలేదు అన్నాడు. అది అతని మాట కాదనుకుంటాను.

నాకు కుర్చీ పోయింది. పోతే పోయింది. ఎనిమిదేళ్లు నిలబడే ఉన్నాను. భయం అది కాదు. మీ సగం లేదంటే నా సగం ఎవరికి రాయాలో తెలియదు.

బస్సు వస్తోంది.

మొదటి సగం


సింకుల షోరూము,
ఒకప్పటి మూడో వరస,
జూలై 29.

బావా,

పైన ఎక్కడి నుంచి రాస్తున్నానో చదివావుగా. ఇంక దాచేదేముంది.

మా ఊరి థియేటర్ మూసేసి రెండున్నరేళ్లయింది. ముందు తెర పీకారు, తర్వాత కుర్చీలు. నెల తిరిగేసరికి అద్దాల తలుపులు పెట్టి, స్నానాల గది సామాన్ల కొట్టు చేశారు. గేటు దగ్గర మనం సైకిలు మార్చుకున్న చోట ఇప్పుడు పింగాణీ తొట్టి ఒకటి నిలబెట్టి ఉంది. దాంట్లో ఎవరూ స్నానం చేయరు. పూలకుండీ పెట్టారు.

కొత్త థియేటర్ ఊరి చివర అంగడి మేడలో, నాలుగో అంతస్తులో. కదిలే మెట్లెక్కాలి. రెండుసార్లు వెళ్లాను. ఆ మెట్ల ముందు నిలబడి ఏ మెట్టు మీద కాలు పెట్టాలో తేల్చుకునేలోపు అది వెళ్లిపోతుంది. వెనక జనం. "ఎక్కండి పెద్దాయనా!" అంటారు. మోకాళ్లు దివ్యంగా ఉన్నాయని రాశాను చూడు, అది సినిమా కంటే పెద్ద అబద్ధం.

నీకు రాసేద్దామనే కూర్చున్నాను. "బావా, నా వల్ల కాదు, ఇంతటితో సరి" అని రాశాను కూడా. అప్పటికే నీ మొదటి సగం వచ్చి బల్ల మీద ఉంది. ఒకటిన్నర పేజీ. బావా, నీ సంగతి నాకు తెలుసు. నువ్వు పనుంటేనే నోరు తెరిచే మనిషివి. నీ ఉత్తరానికి పనేమిటంటే సినిమా. రెండో సగం లేదంటే నువ్వు మొదటి సగం పంపవు. "క్షేమమని తలుస్తాను" అని ఏడాదికొక కార్డు ముక్క వస్తుంది. ఆ కార్డు ముక్క నాకు అక్కర్లేదు.

అందుకని ఆ కాగితం చింపేసి ఇక్కడికొచ్చాను. మన మూడో వరస ఎక్కడ ఉండేదో లెక్కేసుకుని కూర్చున్నాను. కూర్చోడానికి ఇక్కడ ఏముంటాయో నీకు తెలుసు. నీ సగం జేబులో పెట్టుకుని, తెర ఉండే గోడకేసి చూస్తూ, తర్వాత ఏమవుతుందా అని ఆలోచించాను. అమ్మే ఆవిడ వచ్చి, "ఏం కావాలి సార్?" అంది. చూస్తున్నానమ్మా అన్నాను. అబద్ధం కాదు. ఐదు సినిమాలు అక్కడే చూశాను. ఇప్పుడు నేను వస్తే ఆవిడే కిటికీ పక్కది ఖాళీ చేయిస్తుంది. సెలూన్లో కుర్చీ ఖాళీ చేసి ఇస్తున్నారని నువ్వు రాస్తే మనసులో అనుకున్నాను, మనిద్దరం ఒక్కసారే పెద్దమనుషులం అయ్యామని.

మూత సంగతి. కార్డు మీద వచ్చాడని రాశాను. అది నిజం. ఈసారి నీ సగం జేబులో పెట్టుకుని కూర్చున్న రోజున నల్ల కోటు వేసుకున్న ఒక గుమస్తా ఆ తలుపులోంచి మూత పట్టుకుని వచ్చాడు. కమోడ్‌ది. సరిపడలేదట. మార్చి ఇవ్వమని అడగడానికి సిగ్గుపడి, అమ్మే ఆవిడ ముందు ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు. మిగతాదంతా నేను అక్కడి నుంచి అల్లాను. కాబట్టి నీకు పూర్తి అబద్ధం రాయలేదు. సగమే.

నీకు కుర్చీ పోయిందన్నావే, అది మింగుడు పడటం లేదు నాకు. వాళ్లకి నా పేరు చెప్పు. మా బావ ముసలాడు, బుర్ర తిరిగింది, వాడు రాసింది నమ్మి మోసపోయాను అను. నీకు అబద్ధమాడటం రాదు కాబట్టి నిజమే ఇచ్చాను చూడు, వాడుకో.

ఇకమీదట ఉత్తరాలు రాస్తావో లేదో నీ ఇష్టం. ఊరికే అడుగుతున్నాను, చెంప మానిందా?

రెండో సగం అని రాయడానికి మొహం చెల్లడం లేదు.
నీ బావ


మేడమీది గది,
ఆగస్టు 11.

బావగారికి నమస్కారాలు.

చెంప మానింది.

మీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. కదిలే మెట్ల దగ్గర నవ్వింది. తర్వాత ఇంకోచోట పొగ అంది.

ఆదివారం సెలూన్‌కి వెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ లేరు. అలిగి వదిలేశారో, నాకోసం ఉంచారో తెలియలేదు. నిలబడ్డాను. మీరు చెప్పమన్నది చెప్పలేదు. మీ బుర్ర తిరిగిందని నా నోటికి రాదు. ఇలా అన్నాను: "మూత సినిమాలో లేదు. నేనూ వెళ్లి చూశాను. అది మా బావగారు కల్పించి రాశారు. నేను నమ్మాను. మిమ్మల్ని పంపింది నేనే."

సెలూన్ అతను కత్తెర కింద పెట్టాడు.

"అంటే," అన్నాడు టైర్ల కొట్టాయన, "నువ్వు కూడా మూత కోసం కూర్చున్నావా?"

కూర్చున్నాను అన్నాను.

"ఆ బాంబు దగ్గర ముందుకు వంగావా?"

వంగాను.

"నేనూ వంగాను," అన్నారు లెక్కల మాస్టారు పేపరు దించి. "అయితే తప్పు మీ బావగారిది కాదు. సినిమావాళ్లది. దగ్గర ఉంచుకుని కూడా వాడుకోలేదు. విలన్ ఉన్నాడు, మిషను ఉంది, మిషనుకి మూత ఉండాలా వద్దా?"

సెలూన్ అతను నా గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పాడు. "ఈ ఎడమ చెంప ఎవరు గీశారు?"

నేనే.

"తెలుస్తూనే ఉంది. కూర్చో. మా ఆవిడ అడగమంది, ఆ బట్టలుతికే ఆవిడ తర్వాత మళ్లీ రాదా అని."

తెలియదు, అడిగి చెప్తానన్నాను. మీరు రాయగలరు.

నాలుగో భాగం శుక్రవారం వస్తోందట. ఎర్ర కోటు. నేను వెళ్లను. నా సగం మాత్రం పంపుతున్నాను. ఎప్పుడూ కల్పించలేదు కాబట్టి తప్పులుంటే మన్నించాలి.

ఒక సబ్బుల ఫ్యాక్టరీ. అందులో ఇద్దరు. ఒకడికి మాట్లాడే శక్తి ఉంది. రెండోవాడికి ఏ శక్తీ లేదు. ఇద్దరికీ ఒక మిషను, ఒక సైకిలు. ప్రపంచానికి ప్రమాదమేమీ లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు చేతిలో గడియారం పట్టుకుని మిషను పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఏ శక్తీ లేనివాడు అప్పటికి థియేటర్ గేటు దగ్గర ఉన్నాడు. చేతిలో సగం టికెట్టు. రెండయింది. రెండుంబావు అయింది. లోపల రెండో సగం మొదలైన చప్పుడు వినిపిస్తోంది. రోడ్డు చివర సైకిలు కనిపించింది. దాని మీద ఉన్నది మాట్లాడేవాడా, మేనేజరా, ఎండకి తెలియడం లేదు. ఇతను గేటు వదల్లేదు. టికెట్టు చెమటకి తడవకుండా రెండో చేతికి మార్చుకున్నాడు.

అక్కడ ఇంటర్వెల్ వేశాను.

ఎప్పటిలాగే నా సగం సాదాగా ఉంది. మీ సగం మీద నమ్మకం ఉంది.

ఇట్లు,
మొదటి సగం

తా.క. ఇది సెలూన్లో చెప్పాను. సైకిలు మీద ఎవరని అడుగుతున్నారు. బావగారు చూసి రాస్తారు అన్నాను. తొందరేం లేదు. ఆదివారం దాకా ఆగుతామన్నారు.